గీతకు ఇటూ అటూ: సైనిక పతకాలకు అర్హులెవరు?

(వరాహగిరి వెంకటగిరి స్మారకోపన్యాసం, ఖరగ్‌పూర్)



గిరిగారి పేరున ఉపన్యాసం అంటే కార్మిక చట్టాల మీదో, బోనసు మీదో ఉంటుందనుకుని వచ్చి ఉంటారు. నేను తీసుకున్నది వేరే విషయం. సైనిక పతకాలకు ఎవరు అర్హులు, ఎవరు కారు అన్న తగాదా గురించి మాట్లాడతాను. దీనికీ గిరిగారికీ సంబంధం ఉంది. బరంపురం నుంచి వచ్చి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టి, 1927 నాటి ఖరగ్‌పూర్ సమ్మెలో, లాకౌటులో ముందు నిలబడ్డ ఆ మనిషే 1969 ఆగస్టు నుంచి 1974 ఆగస్టు దాకా రాష్ట్రపతి. 1971 యుద్ధం ఆయన హయాంలోనే జరిగింది. ఆ యుద్ధానికి ఇచ్చిన పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ రాష్ట్రపతి పేరున వెలువడ్డాయి. 1972 ఆగస్టు 15 నాటికి సర్వీసులో ఉన్నవారికిచ్చిన స్వాతంత్ర్య రజతోత్సవ పతకమూ, అదే రోజు మొదలైన సమరయోధుల పింఛను పథకమూ ఆయన కాలంలోనివే. ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వక్కర్లేదు అన్న నియమాలు ఎన్నో ఆ ఐదేళ్లలో పుట్టాయి.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. అర్హత గీత గీసేటప్పుడు సర్కారు చెయ్యి ధారాళంగా ఉండాలి. గీసిన తర్వాత రుజువులు చూసేటప్పుడు కన్ను నిక్కచ్చిగా ఉండాలి. చాలాసార్లు ఇది తిరగబడుతుంది. గీత పిసినారిగా గీస్తారు, ఆ తర్వాత పలుకుబడి ఉన్నవాడికి పక్కనుంచి సందు ఇస్తారు. ఇందుకు సాక్ష్యాల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. చాలామటుకు మన ఊళ్లోనే ఉన్నాయి.

రెండు తెగలు

పతకాల్లో రెండు తెగలున్నాయి. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర ఒక తెగ. మనిషి ఏం చేశాడో చూసి ఇస్తారు. రెండోది సేవా పతకాల తెగ. ఏ తేదీల మధ్య, ఏ ప్రాంతంలో, ఏ దళం జాబితాలో ఉన్నాడో చూసి ఇస్తారు. 1965 యుద్ధానికి రంగంలో ఉన్నవాళ్లకు సమర్ సేవా స్టార్, సర్వీసులో ఉన్న మిగతావాళ్లకు రక్షా మెడల్. 1971లోనూ అంతే: తూర్పు రంగానికి ఒక స్టార్, పడమటి రంగానికి ఒక స్టార్, విస్తారంగా అందరికీ సంగ్రామ్ మెడల్. రాజ్యాంగం 18వ అధికరణం బిరుదుల్ని రద్దు చేస్తూనే సైనిక, విద్యా విశిష్టతలను మాత్రం మినహాయించింది. అంటే ఈ గౌరవాలకు గణతంత్రంలో చోటుందని రాజ్యాంగం రాసినవాళ్లే ఒప్పుకున్నారు.

మన ఇళ్లలో ఫొటో పక్కన వేలాడేవి చాలామటుకు రెండో తెగవే. 'ఉన్నందుకిచ్చే బిళ్ల కోసం ఇంత రచ్చ ఎందుకయ్యా?' అని అడిగేవాళ్లున్నారు. శౌర్యాన్ని పదిమంది చెప్పుకుంటారు, కథ మిగులుతుంది. వంటవాడిగా, ఫిట్టరుగా, సిగ్నలు తీగలు లాగినవాడిగా వెళ్లొచ్చిన మనిషికి కథ ఉండదు. ఫలానా రోజున ఫలానా చోట దేశం పనిమీద ఉన్నాడని ప్రభుత్వం రాసిచ్చిన మాట ఆ పతకం ఒక్కటే. ఆ మాట కోసం కొడుకులు, మనవలు రికార్డ్ ఆఫీసుకి ఉత్తరాలు రాస్తున్నారంటే అది ఆశపోతుతనం కాదు.

ఒంటి రంగుతో గీసిన గీత

మొదటి గీత తెల్లదొరలు గీసినది. బెంగాల్ నాగపూర్ రైల్వేకి సొంతంగా ఒక దళం ఉండేది. మొదట వాలంటీర్ రైఫిల్స్‌గా ఉండి, 1920 చట్టం తర్వాత ఆగ్జిలరీ ఫోర్స్‌లో బెంగాల్ నాగపూర్ రైల్వే బెటాలియన్ అయింది. డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్లు వారానికోసారి పరేడ్ చేసేవారు. అల్లర్లు, సమ్మెలు వచ్చినప్పుడు రైళ్లనూ స్టేషన్లనూ కాపాడటం వాళ్ల పనుల్లో ఒకటి. దీర్ఘకాలం పనిచేసినవారికి పతకాలుండేవి: పాత వాలంటీర్లకు ఇరవై ఏళ్లకు, తర్వాతి ఎఫిషియెన్సీ మెడల్‌కు పన్నెండేళ్లకు. అయితే ఆ దళంలో చేరాలంటే యూరోపియన్ బ్రిటిష్ ప్రజ అయి ఉండాలి. ఆంగ్లో ఇండియన్లకు ఆ లెక్కలో చోటు దొరికింది. అదే షాపులో అదే లేతు మీద పనిచేసే శ్రీకాకుళం మనిషికి దొరకలేదు. భారతీయులకు టెరిటోరియల్ ఫోర్స్ అని వేరే చట్టం చేశారు.

ఇక్కడ రుజువుల తగాదాయే లేదు. వాచీలా పనిచేసే నియమం, లెక్కతప్పని రిజిస్టర్లు, అన్నీ ఉన్నాయి. తప్పంతా గీతలో ఉంది. గీత అన్యాయంగా ఉంటే రికార్డు ఎంత శుభ్రంగా ఉన్నా అన్యాయమే శుభ్రంగా నమోదవుతుంది.

నది అవతల, నది ఇవతల

రెండో ప్రపంచ యుద్ధపు బర్మా స్టార్ ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. ఆరు కోణాల నక్షత్రం, పాత ఇత్తడి గిన్నె రంగు. రిబ్బను నడుమ వెడల్పాటి ఎరుపు, రెండు పక్కలా ముదురు నీలం, ఆ నీలం మధ్యలో సన్నని నారింజ చార. వెనక్కి తిప్పితే, బ్రిటిష్ సైనికులకిచ్చినవి నున్నగా ఖాళీగా ఉంటాయి. భారత సైన్యం ఇచ్చినవాటి మీద నంబరు, ర్యాంకు, పేరు, దళం అచ్చుగుద్ది ఉంటాయి. మన తగాదాల్లో సగం ఆ వెనకవైపే మొదలవుతాయి. అప్పలస్వామి ఒకచోట అప్పలసామి, ఇంకోచోట అప్లాస్వామి. ఇంటిపేరు ముందు రాసుకునే మనిషిని గుమాస్తా వెనక్కి తిప్పి రాస్తాడు. ఇంకో గుమాస్తా ఇంటిపేరునే అసలు పేరనుకుంటాడు. ముప్పై ఏళ్ల తర్వాత కొడుకు దరఖాస్తు పెడితే, ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని రుజువేమిటని అడుగుతారు.

ఆ స్టార్‌కి సైన్యం పెట్టిన గీత ఇంకా చిత్రం. బర్మాలో పనిచేసినవారి సంగతి సరే. బెంగాల్, అస్సాంలలో ఉన్న సిబ్బందికి 1942 మే 1 నుంచి 1943 డిసెంబరు 31 దాకా ఎక్కడున్నా లెక్కే. 1944 జనవరి 1 నుంచి మాత్రం బ్రహ్మపుత్ర, సుర్మా నదులకు తూర్పున ఉన్నవారికే. అంటే మేదినీపూర్ జిల్లాలో 1943 డిసెంబరు ఆఖరున డ్యూటీలో ఉన్న జవాను గీతకు ఇటు. మర్నాడు వచ్చిన జవాను అటు.

ఇంతకీ 1944లో ఈ ఊరు ఎలా ఉంది? అమెరికా ఇరవయ్యో బాంబర్ కమాండ్ ప్రధాన కార్యాలయం హిజ్లీలో, నేడు ఐఐటీవారి అధీనంలో ఉన్న పాత నిర్బంధ శిబిరం కట్టడంలో దిగింది. ఖరగ్‌పూర్, కలైకుండ, దుధ్‌కుండి, పియర్‌డోబా, చాకులియా రన్‌వేల మీద బి-29 విమానాలు వాలాయి. 1944 జూన్ 5న వాటి మొదటి దాడి బ్యాంకాక్‌లోని మక్కసాన్ రైల్వే వర్క్‌షాపుల మీద. ఒక రైల్వే వర్క్‌షాపు ఊరి నుంచి లేచిన విమానాలు ఇంకో రైల్వే వర్క్‌షాపును కొట్టాయి. మన ఊరు యుద్ధానికి అంత దగ్గరైన ఏడాదే పతకాల పటంలో యుద్ధరంగం కాకుండా పోయింది. బాంబులు, విడిభాగాలు దింపిన యార్డు మనుషులకు యూనిఫారం లేదు కాబట్టి, వాళ్ల పేర్లు ఈ లెక్కలోకి ఏనాడూ రాలేదు.

పటం మీద గీత గీసినవారికి వాళ్ల కారణం వాళ్లకుంది. 1944 నాటికి పోరు ఇంఫాల్, కోహిమా వైపు జరిగింది. ఎక్కడో ఒకచోట గీత పడక తప్పదు. పడిన గీతకు కారణం అందరికీ తెలిసేలా చెప్పకపోతేనే అది కక్షలా కనబడుతుంది.

చూసినవాడు, చూడనివాడు

ఇక 1965 సెప్టెంబరు 7. పాకిస్తాన్ సేబర్ జెట్లు ఆ రోజు కలైకుండ మీదికి రెండుసార్లు వచ్చాయి. మొదటి దాడిలో నేల మీద నిలిపిన మన విమానాలు కాలిపోయాయి. రెండోసారి ఫ్లైట్ లెఫ్టినెంట్ ఆల్ఫ్రెడ్ కుక్, ఫ్లయింగ్ ఆఫీసర్ మామ్‌గైన్ హంటర్ విమానాల్లో ఎదురు తగిలారు. పోరు చెట్లకొమ్మల ఎత్తుకు దిగి ఐఐటీ నెత్తిమీదికి వచ్చింది. విద్యార్థులు కళ్లారా చూశారు. ఇద్దరికీ వీర చక్ర వచ్చింది. ఎన్ని సేబర్లు కూలాయన్న దాని మీద రెండు దేశాల లెక్కలు ఇప్పటికీ కలవవు. కానీ కుక్ చేసిన పనికి వేల కళ్లు సాక్షి.

సరిగ్గా అదే రోజున పాకిస్తాన్‌లోని సర్గోధా మీదికి వెళ్లిన మన మిస్టేర్ విమానాల్లో ఒకటి తిరిగి రాలేదు. నడిపినవాడు కొడగు బిడ్డ, స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బోపయ్య దేవయ్య. గల్లంతయ్యాడని రాసి ఊరుకున్నారు. తనకంటే ఎంతో వేగం గల స్టార్‌ఫైటర్‌ను ఆయన ఒంటరిగా ఎదుర్కొని కూల్చాడన్న సంగతి మనవైపు ఎవరికీ తెలియదు. అది చాలా ఏళ్ల తర్వాత జాన్ ఫ్రికర్ అనే బ్రిటిష్ రచయిత పుస్తకం ద్వారా, అంటే అవతలి పక్షం చెప్పగా, బయటపడింది. 1988లో, ఇరవై మూడేళ్లకు, మహావీర చక్ర ప్రకటించారు.

ఒకే తేదీన ఇద్దరు మనుషులు. ఒకరిది ఊరందరూ చూసిన పోరు, రెండోవారిది ఎవరూ చూడని పోరు. దేవయ్య విషయంలో ప్రభుత్వం రెండు పనులు సరిగా చేసింది. గడువు దాటిందని ఫైలు మూసెయ్యలేదు. వినికిడి కథ మీదా ఇవ్వలేదు. శత్రువు ఒప్పుకున్న సాక్ష్యాన్ని తూచి ఇచ్చింది. నేను ముందు చెప్పిన ధారాళమూ, నిక్కచ్చితనమూ రెండూ కలిసిన చోటు ఇది.

ఒకే షాపులో రెండు సర్వీసులు

ఇప్పుడు అందరికంటే మనకు దగ్గరి సంగతి: టెరిటోరియల్ ఆర్మీ, మన మాటల్లో టీఏ. 1948 చట్టంతో వచ్చి, 1949లో రాజగోపాలాచారిగారి చేతులమీద మొదలైంది. అందులో రైల్వే ఇంజినీర్ రెజిమెంట్లు రైల్వే ఉద్యోగులతోనే నింపారు. మన ఆగ్నేయ రైల్వే కింద ఆద్రాలో ఒకటి ఉండేది. ఏడాది పొడుగునా ఫిట్టరు, క్యాంపు రోజుల్లో సిపాయి. పిలుపొస్తే పూర్తి సైనికుడు. ఆ పిలిచిన కాలాన్నే ఎంబాడీడ్ సర్వీసు అంటారు, ఇక్కడ కూర్చున్న పెద్దలకు నేను చెప్పనక్కర్లేదు. పతకానికైనా పింఛనుకైనా లెక్క ఆ రోజుల దగ్గరే తేలుతుంది.

ఆ పిలుపు 1965, 1971 యుద్ధాల్లో వచ్చింది. 1974 మేలోనూ వచ్చింది. మే 8న దేశమంతా రైల్వే సమ్మె మొదలైంది. రైళ్లు నడపడానికి టీఏ రైల్వే దళాలను దింపారు. ఒకే షాపులో, పక్కపక్క బెంచీల మీద పనిచేసే ఇద్దరిలో ఒకడు సమ్మెలో ఉన్నాడు, ఒకడు యూనిఫారంలో ఉన్నాడు. మొదటివాడి సర్వీసు తెగిందని, బ్రేక్ ఇన్ సర్వీస్ అని, సర్వీసు పుస్తకంలో రాశారు. రెండోవాడి రోజులు ఎంబాడీడ్ సర్వీసు అయ్యాయి. తెగిన సర్వీసును అతికించాలంటే 1977లో జనతా ప్రభుత్వం రావాల్సి వచ్చింది. 1927లో ఈ ఊరి సమ్మెకు ముందు నిలిచిన గిరిగారు 1974 మేలో రాష్ట్రపతి భవనంలో ఉన్నారు. చరిత్ర ఒక్కోసారి మనిషికి ఇంత ఇరకాటమైన చోటు చూపిస్తుంది.

నేను టీఏ వాళ్లను తప్పుపట్టడం లేదు. పిలుపుకు వెళ్లకపోతే చట్టం ఊరుకోదు. సర్వీసు అన్నది గడిచిన రోజుల మొత్తం కాదనీ, ఏ రోజుల్ని లెక్కలోకి తీసుకోవాలో ప్రభుత్వం తేల్చిన తీర్పు అనీ చెబుతున్నాను. కనుక ఆ తీర్పును ప్రశ్నించే హక్కు ఉండాలి. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసు చూడండి. రెగ్యులర్ సైన్యంలో చేసి, తర్వాత టీఏ పర్యావరణ దళంలో చేరిన ఒకాయన సెలవులో ప్రమాదానికి గురై కాలు పోగొట్టుకున్నాడు. పింఛను అడగనని చేరేటప్పుడే సంతకం చేశావు కదా అని ప్రభుత్వం వాదించింది. ఉద్యోగం కావలసినవాడు పెట్టిన ఆ సంతకానికి విలువ లేదని కోర్టు చెప్పి, వైకల్య పింఛను ఇప్పించింది. అర సైనికుడు అన్న మాట చట్టం దగ్గర చెల్లలేదు.

రుజువు బరువు

ఎంత రుజువు కావాలన్నది సమరయోధుల పింఛను కేసుల్లో కోర్టులు చక్కగా తేల్చాయి. 1972 పథకం ప్రకారం మామూలుగా ఆరు నెలల జైలు ఉండాలి, లేదా ఆరు నెలలకు పైగా అజ్ఞాతవాసం. హిజ్లీలో నిర్బంధంలో ఉన్నవాళ్లకు సర్కారు సొంత రికార్డే సాక్ష్యం. 1931 సెప్టెంబరు 16న అక్కడ కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త పోయారు. పేర్లు చరిత్రలో ఉన్నాయి. కానీ అదే జిల్లాలో 1942 ఉద్యమంలో తమ్లూక్ వైపు పొలాల్లో దాక్కున్న రైతుకు ఏ రికార్డు ఉంటుంది? దాక్కోవడమంటేనే రికార్డుకు చిక్కకపోవడం.

1993లో ముకుంద్ లాల్ భండారీ కేసులో, దరఖాస్తు ఆలస్యమైందన్న ఒక్క కారణంతో తోసిపుచ్చవద్దని సుప్రీంకోర్టు చెప్పింది. 2001లో గురుదయాళ్ సింగ్ కేసులో, ఇవి క్రిమినల్ కేసులు కావు, సంభావ్యతను బట్టి తేల్చండి అంది. ఇది గీత దగ్గర చూపాల్సిన ధారాళం. రెండో పక్క కూడా ఉంది. హైదరాబాద్ విమోచన ఉద్యమంలో సరిహద్దు శిబిరాల్లో పనిచేసినవారిని 1985లో పథకంలోకి తెచ్చారు. దరఖాస్తులు చూడడానికి చండ్ర రాజేశ్వరరావుగారి అధ్యక్షతన కమిటీ వేశారు. నిజమైనవాళ్లతోపాటు, అప్పటికి పాలు మరవని పిల్లలు కూడా శిబిరంలో ఉన్నామంటూ వచ్చారన్న ఫిర్యాదులు లేచాయి. ఒకప్పటి నిజాం రాజ్యంలోని బీడ్ జిల్లా దరఖాస్తుల మీద 2005లో భావురావ్ పరల్కర్ కేసులో సుప్రీంకోర్టు, మోసంతో పొందినది ఏదీ నిలవదని స్పష్టంగా చెప్పింది. దొంగ సమరయోధుడు ఖజానా సొమ్ము తిన్నాడన్నది చిన్న నష్టం. వాడి వల్ల నిజమైనవాణ్ని కూడా అనుమానంగా చూస్తారన్నది పెద్ద నష్టం.

శాశ్వత చిరునామా

ఈ ఊరి తెలుగువాళ్లకే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది. శౌర్య పతకం వచ్చినవారికి రాష్ట్రాలు నగదో, స్థలమో ఇస్తాయి. ఏ రాష్ట్రం లెక్క ఆ రాష్ట్రానిది. మొత్తాలు ఒకచోట లక్షల్లో, ఇంకోచోట కోట్లలో. సాధారణంగా షరతు ఒకటే: మనవాడై ఉండాలి. మన ఊరి మథురాకటిలో పుట్టి, నీంపురాలో పెరిగి, ఇక్కడే పట్టాల పక్కన ఆడుకుని సైన్యంలో చేరినవాడు భర్తీ కాగితంలో శాశ్వత చిరునామా గడి దగ్గర ఏం రాశాడు? రైల్వే క్వార్టర్ శాశ్వతం కాదు కదా అని, తాతగారి ఊరు, టెక్కలి దగ్గరో సోంపేట దగ్గరో ఉన్న పల్లె పేరు రాశాడు. బెంగాల్‌ని అడిగితే నీది ఆంధ్ర అంటుంది. ఆంధ్రని అడిగితే నీ రేషన్ కార్డు, ఓటు బెంగాల్‌వి అంటుంది. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఎండలో వరసలో నిలబడి నింపిన ఒక గడి, ముప్పై ఏళ్ల తర్వాత గీత అయి కూర్చుంటుంది. పుట్టిన చోటో, చదివిన చోటో, ఏదో ఒకటి సరిపోతుందని రెండు రాష్ట్రాలూ ముందే రాసుకుంటే ఈ తిప్పలుండవు.

ఏం చేయాలి

బయట దేశాలు ఏం చేశాయో రెండు ముక్కలు. బ్రిటన్‌లో ఆర్కిటిక్ సముద్రపు కాన్వాయిల్లో పనిచేసినవారు తమకు వేరే పతకం కావాలని దశాబ్దాలు అడిగారు. అట్లాంటిక్ స్టార్‌లో మీరూ ఉన్నారు కదా అని ప్రతిసారీ జవాబు. 2012లో సర్ జాన్ హోమ్స్ చేత నియమాలన్నీ తిరగదోడించి, కారణాలు ప్రచురించి, 2013లో ఆర్కిటిక్ స్టార్ ఇచ్చారు. అప్పటికి చాలామంది పోయారు. ఆస్ట్రేలియాలో రక్షణ పురస్కారాల కోసమే ఒక స్వతంత్ర అప్పీళ్ల ట్రిబ్యునల్ ఉంది. 1942 డిసెంబరులో మునుగుతున్న ఓడ మీంచి కాల్పులు ఆపని పద్దెనిమిదేళ్ల టెడ్డీ షీన్‌కు విక్టోరియా క్రాస్ ఇవ్వాలని అది సిఫారసు చేస్తే ప్రభుత్వం మొదట కాదంది, 2020లో ఒప్పుకుంది. కాదన్నా అవునన్నా, కారణం కాగితం మీద ఉంది. అదే ముఖ్యం.

మనకు 2007 చట్టంతో సాయుధ దళాల ట్రిబ్యునల్ వచ్చింది. మనకు దగ్గరది కోల్‌కతా బెంచి. అది సర్వీసు వ్యాజ్యాలన్నీ చూసే కోర్టు. బర్మా స్టార్ మీద అచ్చయిన తప్పు పేరు సరిచేయమని అడగడానికి వకీలును పెట్టుకుని కోల్‌కతా వెళ్లాలా? జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒక గుమాస్తా, ఒక దరఖాస్తు, కారణం రాసిన జవాబు ఉంటే చాలు.

రికార్డు మాట కూడా చెప్పాలి. సైన్యంలో మనిషికి సంబంధించిన ఏ మార్పైనా పార్ట్-టూ ఆర్డర్‌గా వెలువడుతుంది. రికార్డ్ ఆఫీసు దాన్ని అతని షీట్‌లో ఎక్కిస్తుంది. ఆర్డర్ వెలువడకపోతే షీట్‌లో లేదు, షీట్‌లో లేకపోతే మెడల్ లేదు. అక్కడ ఉండి కూడా కాగితంలో లేనివాడు ఇలా తయారవుతాడు. ఈ మధ్య రైల్వే టీఏ దళాలను చాలావరకు రద్దు చేయాలని తీర్మానించారు. దళం పోతే పోయింది, దాని రోల్స్ ఎక్కడ దాస్తున్నారో రైల్వే బోర్డు చెప్పి తీరాలి.

చివరిగా ఇక్కడున్నవారికి. ఇంట్లో ట్రంకు పెట్టెలో డిశ్చార్జి బుక్కు ఉంటే ప్రతి పేజీకీ నకలు తీయించండి. పేరులో తప్పుంటే బతికుండగానే సరిచేయించుకోండి. పోయాక ఆ పని కోడళ్ల మెడకు చుట్టుకుంటుంది. రావలసింది రాకపోతే మొహమాటపడకుండా అడగండి, ఒకసారి కాదంటే కారణం రాసిమ్మనండి. అదే నోటితో ఇంకో మాట. తాతగారికి రాని పతకాన్ని దుకాణంలో కొని గోడకు తగిలించకండి. ఆయన 1944లో యార్డులో వ్యాగన్లు దింపారా, 1971లో రాత్రి డ్యూటీ చేశారా, ఉన్నది ఉన్నట్టు రాసి ఆ ఫొటో కింద పెట్టండి. గీతలు మార్చమని సర్కారును గట్టిగా నిలదీయాలంటే, మన లెక్క ముందు నిజమై ఉండాలి.